కూర్చునే డాక్టరుగారు

ఆయన పోయారని ఫోను వచ్చినప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ అది రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. అయ్యో అనుకోలేదు. ఇక మీదట ఈ ఊళ్ళో పగిలిన ప్లీహం ఏదొచ్చినా నా దగ్గరికే రావాలి అనుకున్నాను. అయ్యో అనుకున్నది ఆ తరవాత రెండు నిమిషాలకి. ఈ వరస చూస్తే నేనెలాంటివాణ్ణో మీకు తెలిసిపోతుంది.

ఆయన పేరు రాయను. కోనసీమలో ఆ పేరు తలుచుకునేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. మధ్యలో నేనెందుకు?

ఇద్దరం సర్జన్లమే. అమలాపురంలో ఆయన ఆసుపత్రికీ నా ఆసుపత్రికీ మధ్య ఒక బజారు, రెండు మందుల షాపులు, ఒక కొబ్బరికాయల కొట్టు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. చెయ్యి మాత్రం నాదే చురుకు. ఇది నా గొప్ప కాదు, ఇద్దరి ఆపరేషన్లకీ మత్తు ఇచ్చే డాక్టరే అన్న మాట. అయినా జనం నన్ను 'కోసే డాక్టరుగారు' అనేవారు, ఆయన్ని 'కూర్చునే డాక్టరుగారు' అనేవారు. పొట్టలో నొప్పితో ఉన్న మనిషిని ఈ ఇద్దరిలో ఎవరి దగ్గరికి వెళ్తావని అడిగితే ఏం చెబుతాడో వేరే చెప్పనక్కర్లేదు.

మా వైపు ప్లీహాలు పగలడం వింతేమీ కాదు. కొబ్బరి చెట్టు మీంచి జారిపడే దింపు పనివాళ్ళు, కాలవ గట్టు మీద బండి అదుపు తప్పి హ్యాండిలు పొట్టలో దిగినవాళ్ళు వస్తూనే ఉంటారు. ప్లీహం అంటే ఎడమవైపు పక్కటెముకల చాటున ఉండే గుప్పెడంత అవయవం. మెత్తన, నిండా రక్తం. గట్టి దెబ్బ తగిలితే చిట్లుతుంది. అప్పుడు డాక్టరు ముందు రెండు దారులుంటాయి. పొట్ట తెరిచి దాన్ని తీసెయ్యడం ఒకటి. మనిషి నిలకడగా ఉంటే కదలకుండా పడుకోబెట్టి, నాడీ బీపీ రక్తం చూసుకుంటూ, అదే మానుతుందని కాచుకుని ఉండడం రెండోది. మొదటిదానికి గంటన్నర, రెండోదానికి వారం. బీపీ జారిపోతున్నవాడి పక్కన కాచుకు కూర్చుంటే మనిషి పోతాడు. నిలకడగా ఉన్నవాణ్ణి తొందరపడి కోస్తే మనిషి ఉంటాడు గానీ, కొన్ని జబ్బులు రాకుండా ఒంట్లో కాపలా కాసే అవయవం పోతుంది. టీకాలు వేసినా జన్మంతా ప్రతి జ్వరానికీ ఉలిక్కిపడాలి. మా చదువు రోజుల్లో ప్లీహం చిట్లిందంటే తీసెయ్యడమే. తరవాత పుస్తకాలు మారాయి. పుస్తకాలతో పాటు ఆయన మారారు. నేను పుస్తకాలు కొన్నాను.

పొట్ట మీద చెయ్యి వేసే ముందు ఆయన రెండు అరచేతులూ గరగరా రుద్దుకునేవారు. వేసవైనా సరే, రుద్దాల్సిందే. చల్లటి చెయ్యి పడితే పొట్ట బిగుసుకుంటుందనీ, బిగుసుకున్న పొట్ట అబద్ధం చెబుతుందనీ అనేవారు. తరవాత చెయ్యి తియ్యకుండా చాలాసేపు ఊరుకుని, "చూద్దామండి" అనేవారు. అదే ఆయన ఊతపదం. జనం దాన్నొక మందులా పుచ్చుకునేవారు. "ఆయన చూద్దామన్నారండి" అని ఊళ్ళోకి ఫోన్లు చేసి మరీ చెప్పుకునేవారు. నేను ఎప్పుడైనా చూద్దాం అంటే మాత్రం, "ఏంటో, తేల్చలేకపోతున్నారండి" అని వరండాలో గుసగుసలు మొదలయ్యేవి.

ఆయన కుర్చీ ఒకటుండేది. ప్లాస్టిక్ వైరుతో అల్లిన ఇనప కుర్చీ, ఒక చెయ్యి ఊడిపోయింది. దాన్ని మంచం పక్కన కాకుండా గది గుమ్మానికి అడ్డంగా వేసుకునేవారు. క్యారేజీ అక్కడే విప్పేవారు. చింపిన క్యాలెండరు కాగితాల వెనక నాడి అంకెలు రాసుకునేవారు. పేషెంటుకి ఆకలి వేసేదాకా ఆయనకీ వెయ్యదని నర్సులు చెప్పుకునేవారు. అది శుద్ధ అబద్ధం. ఆయన పనసపొట్టు కూర రెండోసారి పెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. ఈ మాట నేను ఊరంతా చెప్పాను కూడా. మా ఆవిడ, "ఆయన్ని తిట్టిన రోజు మీరు ఒక ముద్ద ఎక్కువే తింటారు" అనేది.

నా కడుపుమంట మొదలైన రోజు బాగా గుర్తు. మురమళ్ళ నుంచి ఒక దింపు పనివాణ్ణి తీసుకొచ్చారు. సగం చెట్టు మీంచి జారి గట్టు మీద పడ్డాడు. స్కాన్‌లో ప్లీహం చిట్లింది, పొట్టలో కొంత రక్తం ఉంది. బీపీ మాత్రం బాగానే ఉంది. నేను ఆపరేషన్ అన్నాను. థియేటర్లో లైట్లు వేయించాను. అతని మేనమామ చేతులు కట్టుకుని నిలబడి, "తప్పుగా అనుకోకండి. ఆయన్ని కూడా ఓసారి అడిగి వచ్చేస్తామండి. మీరు కోస్తానంటే కోసేస్తారండి, అందులో మాకేం అనుమానం లేదండి" అన్నాడు.

అడిగి రావడానికి వెళ్ళినవాళ్ళు రాలేదు. ఆ రాకపోవడం సరే, వారం పోయాక వచ్చారు. పేషెంటు తన కాళ్ళ మీద తను నడిచి, మేనమామతో సహా, ఒక అరటి గెల పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. "మీకు చెప్పకుండా ఊరెళ్ళిపోతే బాగోదండి. నా ప్లీహం నాకే ఉందండి, మీ దయ వల్ల" అన్నాడు. ఇందులో వెటకారం ఏమాత్రం లేదు. మా వాళ్ళ మర్యాద అలాంటిది. నేను ఏడవలేక నవ్వి, గెల పుచ్చుకున్నాను. ఆ అరటిపళ్ళు నేను ఒక్కటి కూడా తినలేదు.

ఆయన ఏం చేస్తున్నారో కళ్ళతో చూడాలనిపించింది. అప్పుడే మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. శుభలేఖ ఇచ్చే మిషతో మధ్యాహ్నం పూట వాళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. గుమ్మంలో కుర్చీలో ఉన్నారు. లేచి, నన్ను వరండా బల్ల మీద కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించారు. నా చూపంతా గదిలోకే ఉంది. మంచం మీద ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళ మీద నాలుగు మడతలు పెట్టిన తడి తువ్వాలు ఉంది. పక్కన వాళ్ళావిడ ఏదో కాగితం మీద పేర్లు రాసుకుంటోంది.

"కళ్ళకి కూడా దెబ్బ తగిలిందా అండి?" అన్నాను.

"లేదండి."

"మరి తువ్వాలు?"

"చల్లగా ఉంటుందని," అన్నారు, నవ్వుతూ.

నాకు అంతే చాలు. ప్లీహం పగిలితే కళ్ళ మీద తువ్వాలు వేసే సర్జన్ గురించి నెల రోజులు నవ్వుకున్నాను. డాక్టర్ల భోజనాల్లో దానికి 'తువ్వాలు వైద్యం' అని పేరు పెట్టాను. ఆ మాట ఆయన చెవిన పడింది. ఒకసారి ఎదురుపడినప్పుడు, "పేరు బాగుందండి" అన్నారు తప్ప అదెందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకోలా ఉండేది. అడిగి ఉన్నా ఇంకోలా ఉండేది.

ఆయనకి కొయ్యడం చేతకాక కూర్చుంటున్నారని కూడా ప్రచారం చేద్దామనుకున్నాను. మత్తు డాక్టరు ఆ ముచ్చటా తీరనివ్వలేదు. "నిన్న బండి మీంచి పడ్డ ఆవిడొచ్చింది. బీపీ చూసి కుర్చీ వైపు కూడా చూడలేదండి ఆయన. స్కానూ లేదు, ఏమీ లేదు. తిన్నగా థియేటరే. కత్తి పట్టే ముందు కూడా చేతులు రుద్దుకున్నారండి, అలవాటుగా" అన్నాడు. కూర్చోవాలంటే ముందు కత్తి సిద్ధంగా పెట్టుకోవాలండి అని ఆయన జూనియర్లకి చెప్పేవారట. ఆయన కూర్చున్న ప్రతిసారీ పక్క గదిలో థియేటర్ తయారుగా, సరిపోయే రక్తం ఐసుపెట్టెలో ఉండేవి. ఇది విన్నాక నాకు మరీ ఒళ్ళు మండింది. ఏ వంకా లేని మనిషి మీద అసూయ పడడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు నేనూ ఒక కుర్చీ కొన్నాను. మెత్తటిది, చక్రాలది. కొత్తపేట వైపు నుంచి ఒక కౌలు రైతు వచ్చాడు. బండి హ్యాండిలు ఎడమ డొక్కలో గుచ్చుకుంది. ప్లీహం చిట్లింది, మనిషి నిలకడగా ఉన్నాడు. ఈసారి కొయ్యనని ప్రకటించాను. వాళ్ళావిడతో, "చూద్దామమ్మా" అన్నాను. ఆవిడ భయంగా చూసింది.

రెండు రోజులు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే కూర్చోలేదు, కుర్చీ చక్రాల మీద అటూ ఇటూ దొర్లాను. నాడి లెక్కపెట్టాను, రక్తం పరీక్షలు చేయించాను, థియేటర్ సిద్ధంగా పెట్టాను. ఆయన చేసేవన్నీ చేశాను, తువ్వాలు తప్ప. నేను పేరు పెట్టి నవ్విన దాన్ని నేనే ఎలా వేస్తాను?

మూడో రోజు పొద్దున్న పదింటికి కింద ఓపీ చూడడానికి దిగాను. అప్పుడే అతను కౌలుకి చేసే భూమి సొంతదారు రైతుగారు పరామర్శకి వచ్చారు. తెల్ల పంచె, చేతిలో బత్తాయిల సంచి. గుమ్మంలో ఆయన్ని చూడగానే రెండు రోజులుగా పక్కకి కూడా తిరగని మనిషి ఒక్క ఊపులో మంచం దిగాడు. లుంగీ సరిచేసుకున్నాడు.

"లేవకయ్యా, పడుకో," అన్నారట రైతుగారు.

"ఆయ్, పరవాలేదండి. మీరు కూర్చోండి" అంటూ వంగి, మంచం కింద ఉన్న స్టూలు లాగి, భుజం మీది కండువాతో తుడిచి వేశాడట.

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. ఇతను గోడకి ఆనుకున్నాడు. ఎడమ భుజం లాగుతోందన్నాడు. ప్లీహం దగ్గర రక్తం కారితే నొప్పి భుజంలో తెలుస్తుంది. నన్ను పిలిచేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు, నాడి చేతికి అందడం లేదు. ఆ స్థితిలో కూడా గోడ పట్టుకుని నిలబడే ఉన్నాడు. పెద్దమనిషి ఎదురుగా మంచం ఎక్కడానికి మొహమాటపడ్డాడు.

థియేటర్లోకి తీసుకెళ్ళాం. నా అసిస్టెంటు ఆ రోజు సెలవు. రెండో చెయ్యి లేకుండా ఆ పొట్ట తెరవలేను. బజారు అవతల ఒక్కరే ఉన్నారు. ఫోను చేతిలో పట్టుకుని నేను ఆలోచించింది పది సెకన్లేమో. ఆ పది సెకన్లు ఇప్పటికీ నన్ను వదలలేదు.

హవాయి చెప్పులతో, స్కూటరు మీద వచ్చారు. చేతులు కడుక్కుని లోపలికి వచ్చి, "నన్ను ఏ పక్కన నిలబడమంటారండి?" అని అడిగారు. నాకన్నా పెద్ద సర్జను, నా బల్లకి అవతల అసిస్టెంటు నిలబడేచోట నిలబడి, నా మాట కోసం చూశారు. పొట్ట తెరిచాను. రక్తం పొంగింది. ఆయన ఒక చేత్తో గాయం అంచులు పట్టి, రెండో చేత్తో రక్తం లాగుతూ, నేను అడగబోయేది అడగక ముందే అందించారు. మొత్తం ఆపరేషన్లో ఒక్క సలహా ఇవ్వలేదు. ప్లీహం బయటికి వచ్చింది. బీపీ లేచింది. నా జీవితంలో నేను అంత బాగా ఎప్పుడూ ఆపరేషన్ చెయ్యలేదు. నేను అంత బాగా చేసింది ఆయన ఎదురుగా నిలబడడం వల్లేనని తెలిసి దానికి కూడా ఏడ్చాను.

చేతులు కడుక్కుంటున్నప్పుడు మెల్లిగా, "కళ్ళకి గుడ్డ వెయ్యలేదా అండి?" అన్నారు.

నేను కుళాయి ఇంకాస్త తిప్పాను.

"మనవాళ్ళు మర్యాదకి ప్రాణం ఇస్తారండి. మాటకి అనడం లేదు, నిజంగానే ఇస్తారు. పొట్టలో రక్తం కారుతున్నా సరే, పెద్దవాళ్ళు కనపడితే లేస్తారు. లేవొద్దని ఎంత చెప్పినా ఆయ్ అంటారు, లేస్తారు. కనపడకపోతే లేవరండి. అందుకని తువ్వాలు. వచ్చినవాళ్ళకి గుమ్మంలో నేను మర్యాద చేసి, మాట్లాడకుండా చూసి వెళ్ళమంటాను. ఎవరెవరొచ్చేరో వాళ్ళావిడ రాసుకుని సాయంత్రం చదివి చెబుతుంది. లేకపోతే మనిషి బెంగెట్టుకుంటాడు కదండీ."

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతేనండి. ఒకాయన అలా లేచే పోయేడండి, నా చేతిలో. వియ్యంకుడొచ్చేడని లేచేడు." కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకున్నారు. "తరవాత నేర్చుకున్నాను."

అంతటితో వెళ్ళిపోతే బాగుండేది. బయట వణుకుతూ నిలబడ్డ పేషెంటు భార్య దగ్గర ఆగి, "మీ డాక్టరుగారు సరిగ్గా టైముకి కోసేరమ్మా. నేనైతే ఇంకో పది నిమిషాలు చూద్దామనేవాణ్ణి, మీ ఆయన దక్కేవాడు కాదు" అన్నారు. పచ్చి అబద్ధం. ఆయన దగ్గరైతే అతనసలు మంచం దిగేవాడే కాదు. ఆవిడ నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన హవాయి చెప్పులు వేసుకుని స్కూటరు తీశారు. ఆయన పొగిడితే సంతోషించలేకపోయాను. తిట్టి ఉంటే కనీసం తిరిగి తిట్టుకునేవాణ్ణి.

ఆ కౌలు రైతు బాగానే ఉన్నాడు. టీకాలు వేశాం. కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, రాత్రనకా పగలనకా కొత్తపేట నుంచి పరిగెత్తుకొస్తాడు, రావాలని నేనే చెప్పాను కనక. "మీరు బతికించేరండి" అంటాడు. ఒక్క తువ్వాలు వేసి ఉంటే అతనికి ఈ పరుగులు ఉండేవి కావని నాకు తెలుసు. అతనికి తెలియదు. చెప్పలేదు.

ఆయన పోయినరోజు వెళ్ళాను. పొద్దున్న స్నానానికి వెళ్తూ గుండె ఆగిపోయిందట. ఎవరూ కూర్చుని కాచుకోవడానికి వ్యవధి కూడా ఇవ్వలేదు. వరండా అంతా జనం. చెయ్యి ఊడిన కుర్చీ ఒక మూల ఉంది. అంతమంది నిలబడి ఉన్నా దాంట్లో ఎవరూ కూర్చోలేదు. నాకు కాళ్ళు లాగుతున్నాయి, అయినా నేనూ కూర్చోలేదు.

మూడు వారాలు కాలేదు, రాజోలు అవతల గోదావరి లంక నుంచి ఒక దింపు పనివాణ్ణి తెచ్చారు. నొప్పికి కళ్ళు బిగించుకుని ఉన్నాడు. చెయ్యి వేసి చూశాను, స్కాన్‌కి పంపాను. చిట్లు లోతుగానే ఉంది, కానీ నాడి, బీపీ నిలకడగా ఉన్నాయి. పొట్ట మెత్తగా ఉంది. ఆగదగ్గ కేసు. అతని భార్యని వరండాలోకి పిలిచి రెండు దారులూ చెప్పాను. ఆవిడ తడుముకోకుండా, "కోసెయ్యండి" అంది.

నేను నిర్ఘాంతపోయాను. "ఆగి చూడొచ్చమ్మా," అన్నాను.

"ఆ డాక్టరుగారుంటే ఆగేవాళ్ళమండి. మా పెదనాన్నగారికి ఆయనే చూసేరు. ఇప్పుడాయన లేరు కదండీ. ఎవరు కూర్చుంటారండి అన్ని రోజులు? కోసెయ్యండి."

ఇరవయ్యేళ్ళు ఆయన బతికుండి నా పేషెంట్లని కొయ్యనివ్వలేదు. ఇప్పుడు పోయి కొయ్యమంటున్నారు. నాకు ఎక్కడో కాలింది.

"నేను కూర్చుంటాను," అన్నాను.

చక్రాల కుర్చీ పక్కన పారేసి, మందుల గదిలోంచి మామూలు ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి గుమ్మానికి అడ్డంగా వేశాను. రక్తం తెప్పించాను, థియేటర్ సిద్ధం చేయించాను. తువ్వాలు తడిపి, నాలుగు మడతలు పెట్టి, అతని కళ్ళ మీద నేనే వేశాను. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అక్కడే. చీకటి పడి పరామర్శలు ఆగాక నేను వెళ్ళాక తువ్వాలు తీసి, తెల్లారగానే మళ్ళీ వెయ్యమని డ్యూటీ డాక్టరుకి అప్పజెప్పి ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఊరి నుంచి తోట రైతులు, బంధువులు వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ లేచి నమస్కారం పెట్టాను. మజ్జిగ ఇప్పించాను. మాట్లాడకుండా చూసి వెళ్ళమన్నాను. జన్మలో ఎవరికీ అన్ని నమస్కారాలు పెట్టలేదు.

రెండో రోజు పొట్ట చూడ్డానికి వెళ్ళి చెయ్యి వెయ్యబోతూ, అరచేతులు రుద్దుకుంటున్నానని గమనించాను. ఎప్పుడు మొదలైందో తెలియదు. ఆ చప్పుడు వినగానే తువ్వాలు కింద అతని మొహం విచ్చుకుంది.

"మీ గురించి మా లంకలో చెప్పనివాళ్ళు లేరండి," అన్నాడు. "మీ చెయ్యి పడితే చాలంటారండి."

"చూద్దామండి," అన్నాను, గొంతులో సంతోషం దాచుకుంటూ. ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను, లంకల్లో కూడా నా పేరు పాకిందని. ఆవిడ రెండు ముద్దలు ఎక్కువ పెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం నాడి పెరిగింది. తొంభై ఉన్నది నూట పది, నూట పదిహేను. లోపల మళ్ళీ కారుతోందా? బీపీ చూశాను, తగ్గలేదు. పొట్ట మెత్తగానే ఉంది. రక్తం పరీక్షకి పంపాను, మళ్ళీ స్కాన్ చేశాను. థియేటర్ పది అడుగుల దూరంలో ఉంది. కోస్తే గంటన్నరలో తేలిపోతుంది. ఎవరూ నన్ను తప్పు పట్టరు, ఆవిడే కొయ్యమంది. అప్పుడు ఒక భయం పట్టుకుంది. నేను కూర్చున్నది ఈ మనిషి కోసమా, పోయినాయనతో పందెం కోసమా? పందెమే అయితే, గెలవాలన్న పట్టుదలలో కొయ్యాల్సిన వేళ దాటిపోనిస్తానేమో. బీపీ ఒక్క మెట్టు దిగినా, రక్తం కాస్త తగ్గినా కోసెయ్యాలని కాగితం మీద రాసి, నర్సు చేతికిచ్చాను. నా మీద నాకు నమ్మకం లేక.

రక్తం తగ్గలేదు. స్కాన్‌లో కొత్త రక్తం లేదు. నాడి మాత్రం అలాగే కొట్టుకుంటోంది. అప్పుడు గమనించాను, అతని కాలి వేళ్ళు మంచం అంచుకి బిగిసి ఉన్నాయి. వరండాలో ఎవరో ముసలాయన గట్టిగా దగ్గుతున్నారు.

"ఎవరమ్మా ఆయన?" అన్నాను.

"మా నాన్నగారండి," అంది అతని భార్య.

మామగారు. అల్లుడికి ఆ దగ్గు తెలుసు. లేవకూడదని తెలుసు, పడుకుని ఉండడం తప్పనీ తెలుసు. ఆ రెంటి మధ్యా గుండె కొట్టుకుంటోంది. ముసలాయన్ని చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళి, కాఫీ ఇప్పించి, బస్సెక్కించమని మనిషినిచ్చి పంపాను. తిరిగొచ్చి, "మీ మామగారు బయల్దేరేరు. మీ తరఫున నేను మర్యాద చేశానండి" అన్నాను. అరగంటలో నాడి తొంభైకి దిగింది. గుమ్మంలో కుర్చీలో కూలబడ్డాను. ఇలాంటి మధ్యాహ్నాలు ఆయన ఎన్ని గడిపారో, ఆ పనసపొట్టు కూర ఎలా దిగిందో అనుకున్నాను.

ఆరో రోజు స్కాన్ బాగుంది. మెల్లిగా లేపి కూర్చోబెట్టొచ్చు. మధ్యాహ్నం అయింది, గుమ్మంలో నా క్యారేజీ అప్పుడే విప్పి ఉంది. మంచం దగ్గరికి వెళ్ళి, చేతులు రుద్దుకుని, చివరిసారి పొట్ట చూసి, తువ్వాలు నా చేత్తోనే తీశాను. ఆ క్షణం కోసం నేను ఇరవయ్యేళ్ళు ఎదురుచూశానని చెప్పినా తప్పులేదు. అతను వెలుతురికి కళ్ళు చికిలించి నన్ను చూశాడు. తరవాత నా భుజం మీంచి గుమ్మం వైపు చూశాడు, ఖాళీ కుర్చీ వైపు.

"మీరు చిన్న డాక్టరుగారాండి?" అన్నాడు. "పెద్దాయన ఫొటో మా పెదమామగారింట్లో చూశానండి. ఆయన లేరా? ఇన్ని రోజులూ గుమ్మంలో ఆయనే కూర్చున్నారని మా ఆవిడ చెప్పిందండి. ఓసారి కళ్ళారా చూసి దణ్ణం పెట్టుకుందామని ఉందండి."

అతని వెనక నిలబడ్డ భార్య మొహం పాలిపోయింది. ఆయన పోయారంటే మొగుడు ధైర్యం వదిలేస్తాడని దాచిపెట్టింది. నా వైపు చూసి రెండు చేతులూ జోడించింది, చప్పుడు లేకుండా.

ఆ మనిషిని బతికించింది నేను. నమస్కారాలు నావి, భయం నాది, ఆరు రోజుల నడుంనొప్పి నాది. ఒక్క మాట చెబితే చాలు, అవన్నీ నావైపోతాయి. చేతిలో తువ్వాలు మళ్ళీ నాలుగు మడతలు పెట్టాను.

"ఆయ్, ఆయనే కూర్చున్నారండి," గొంతు మార్చి అన్నాను. "ఇప్పుడే వెళ్ళేరు."